ఆగి ఉన్న కారులో మూడు వందల మిల్లీయాంప్స్

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవిలో నేను కర్నూలులోని ఒక కార్ల సర్వీసు సెంటరులో ఎలక్ట్రికల్ విభాగం సూపర్‌వైజరుగా ఉన్నాను. రిటైరవడానికి ఇంకా ఏడాది ఉంది.

ఎస్తేరు అనే నర్సు కోడుమూరు నుంచి తన కారు తెచ్చింది. మూడు రోజులు కదలకుండా పెడితే నాలుగో రోజు స్టార్టు కావడం లేదు. అదే ఫిర్యాదుతో రావడం అది మూడోసారి. మొదటిసారి మావాళ్లు బ్యాటరీ ఛార్జి చేసి పంపారు, రెండోసారి కొత్తది వేశారు. ఈసారి జాబ్ కార్డు నా దగ్గరికి వచ్చింది.

తాళం వేసి ఉంచిన కారు కూడా కొంచెం కరెంటు తాగుతుంది. గడియారానికి, లోపలి కంప్యూటర్లకు అది కావాలి. యాభై మిల్లీయాంప్స్ లోపుంటే ఇబ్బంది లేదు. బ్యాటరీ నెగటివ్ తీగ ఊడదీసి, మధ్యలో మీటరు పెట్టి, కంప్యూటర్లన్నీ నిద్రలోకి పోయేదాకా అరగంట ఆగాను. మీటరు మూడు వందల దగ్గర నిలిచింది.

ఆ అరగంటలో ఆమె తన సంగతి చెప్పింది. భర్త నుంచి విడిపోయి ఎనిమిది నెలలైందట. ఈసారి దొరికితే ప్రాణాలతో వదలనన్నాడట.

“కమలాపురంలో మా అక్క ఇంటికి పోతే ఆడ గేటు కాడ నిలబడి ఉండాడన్నా. నేను వస్తాండానని అక్కకు తప్ప ఎవురికీ తెలీదు. అందుకే అక్కతో మాట్లాడేదే మానేసినా.”

నేను ఒక్కో ఫ్యూజూ తీసి చూస్తూ పోయాను. రేడియో ఫ్యూజు తీయగానే మీటరు ముప్ఫైకి పడింది. చూస్తే రేడియో ఆపే ఉంది. ఫ్యూజు మళ్లీ పెట్టి, కారులో కూర్చుని, “రేడియో ఇప్పి చూడాలమ్మా” అన్నాను.

రేడియో ముందుకు లాగితే వెనకాల నల్ల టేపు చుట్టిన అగ్గిపెట్టెంత డబ్బా కనబడింది. పచ్చ దీపం మినుకుమంటోంది. పక్కన సిమ్ము పెట్టే సందు, సూదిమొనంత రంధ్రం. అదేమిటో నాకు అర్థమయ్యేలోపే ఆమె ఫోను మోగింది. భర్త. స్పీకరు నొక్కింది.

“షెడ్డులో ఉండావా? రేడియో బాగనే ఉండాది కదా, ఎందుకు ఇప్పిస్తాండావు?”

ఆ డబ్బాలోంచి అతను మా మాటలు వింటున్నాడు, కారు ఎక్కడుందో కూడా చూస్తున్నాడు. పెదవుల మీద వేలు పెట్టుకుని, ఆమెను చెయ్యి పట్టుకుని దూరంగా తీసుకుపోయాను.

“పీకి పారెయ్యన్నా,” అంది. నాకూ అదే అనిపించింది. కానీ అది ఉన్నచోట ఉండగానే పోలీసులు చూడాలి. ఫోను చేసి, ఆమెను స్పేర్‌పార్టుల గదిలో కూర్చోబెట్టి, లోపల గడియ వేసుకోమన్నాను.

వాళ్లు వచ్చేసరికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈలోగా ఒక తెల్ల కారు గేటు దగ్గరికి వచ్చి, ఇంజను ఆపకుండా నిలబడింది. అద్దం దించి ఒక మనిషి వరసగా బళ్లన్నిటినీ చూశాడు, తర్వాత నన్ను చూశాడు. నా చేతిలో పానా ఉంది. దాన్ని ఎప్పుడు తీసుకున్నానో గుర్తులేదు. మలుపులో పోలీసు జీపు కనబడగానే ఆ కారు వెళ్లిపోయింది.

ఎస్సై ఫోటోలు తీయించాక, ఆయన ఎదుటే డబ్బా ఊడదీసి సాక్షిగా సంతకం పెట్టాను. సిమ్ము ఆమె భర్త పేరు మీదే ఉంది. తెల్ల కారు కూడా అతనిదే. ఆ వారంలోనే అరెస్టు చేశారు.

వెళ్లేముందు ఎస్తేరు మా ఆఫీసు ఫోను అడిగి వాళ్లక్కకు చేసింది. “అక్కా, వానికి చెప్పింది నువ్వు కాదు” అంది.

రెండోసారి వచ్చినప్పుడే మీటరు పెట్టి ఉంటే ఆమె అప్పుడే బయటపడేది. కొత్త బ్యాటరీ వేసి మేమే ఆ డబ్బాకు మేత పెట్టాం. ఆ తర్వాత నేనున్నన్నాళ్లు, కరెంటు ఎక్కడికి పోతోందో తేలకుండా మా విభాగం నుంచి ఏ బండినీ బయటికి పంపలేదు.