ఓర్చుకోవద్దన్న డాక్టరమ్మ

అశోక్‌నగర్‌లో పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు నేను చాలా ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ఒకరోజు బోర్డు మీద త్రిభుజం గీసి, దాన్ని ఏమంటారో చెప్పలేక నిలబడిపోయాను. బొమ్మ కళ్లముందే ఉంది, మాట మాత్రం రాలేదు. వారం తిరగకుండా మూడుసార్లు అలాగే అయింది. నారాయణగూడలో స్కానింగ్ తీయిస్తే మెదడులో ఎడమవైపు, మాటకు పనికొచ్చే భాగాన్ని ఆనుకుని గడ్డ ఉందని తేలింది.

మాట పోకుండా దాన్ని తీయాలంటే ఆపరేషన్ మధ్యలో నేను మెలకువగా ఉండి మాట్లాడాలన్నారు సర్జన్. మా ఆయన కుర్చీలోంచి లేచి బయటికి వెళ్లిపోయారు. నాకేమో చావు కన్నా నొప్పంటేనే భయం. పన్ను పీకించుకోవడానికే రెండేళ్లు వాయిదా వేసిన మనిషిని.

ఆపరేషన్‌కు ముందురోజు మత్తు డాక్టరమ్మ వచ్చి నా మంచం పక్కన కూర్చున్నారు. వయసులో నాకన్నా చిన్నావిడ.

“తల కోస్తుంటే తెలుస్తదా డాక్టర్?” అని అడిగాను.

“మెదడుకు నొప్పి తెల్వదక్కా. నొప్పంతా పైన చర్మానికి, లోపలి పొరకే. తల చుట్టూ సూదులిచ్చి మొద్దుబారేటట్టు చేస్త. ఆ సూదులు జర చురుక్కుమంటయ్, అబద్ధం చెప్ప. ముందుగాల మత్తిచ్చి పండవెడ్త, తల తెరిచినంక లేపుత. నొప్పయితే ఓర్చుకోకుండ్రి, నాకు చెప్పుండ్రి.”

నా కాన్పప్పుడు కూడా అందరూ ఓర్చుకోమనే అన్నారు. ఓర్చుకోవద్దన్న మనిషిని మొదటిసారి ఈవిడనే చూశాను.

మర్నాడు మెలకువ వచ్చేసరికి పచ్చగుడ్డ కింద, నా కళ్లకు ఎదురుగా ఆవిడ ముఖమే ఉంది. ఒక్కో బొమ్మ చూపిస్తుంటే పేర్లు చెబుతున్నాను. గొడుగు, తాళంచెవి, జామకాయ. దువ్వెన దగ్గర మాట ఆగిపోయింది. సన్నటి కరెంటుతో మెదడును తాకి చూస్తున్న సర్జన్ వెనకనుంచి “ఇక్కడ ముట్టుకోవద్దు” అనడం వినిపించింది. కాసేపటికి ఆ పేరు దానంతటదే వచ్చింది.

తర్వాత కణత వెనక ఏదో లాగినట్టయి భరించలేని నొప్పి లేచింది. అలవాటు కొద్దీ పళ్లు బిగించాను.

“నొప్పా అక్కా?”

“కొంచెం.”

“నిజం చెప్పుండ్రి.”

“చానా ఉన్నది.”

ఆవిడ చెప్పగానే సర్జన్ చెయ్యి ఆపేశారు. నొప్పి పుట్టిన పొర మీద ఆయన మందు వేశారు, ఈవిడ సెలైన్‌లోకి ఇంకో మందు ఎక్కించారు. నొప్పి తగ్గి నేను తగ్గిందని చెప్పేదాకా పని మొదలుపెట్టనివ్వలేదు. ఎండిపోయిన నా పెదాలను తడి దూదితో అద్దుతూ కూర్చున్నారు. గడ్డ తీయడం అయ్యాక, తల మూసేముందు నన్ను మళ్లీ నిద్రపుచ్చారు.

ఇంటికొచ్చాక నెలరోజులు మాటలు తడబడ్డాయి. మా ఆయన రోజూ చిక్కడపల్లి మార్కెట్‌కు తీసుకెళ్లి కూరగాయల పేర్లు చెప్పించేవారు. నేను బీరకాయ దగ్గర ఆగిపోతే కూరగాయలమ్మే అక్క, “నిమ్మళంగ చెప్పమ్మా, తొందరేం లేదు” అని బేరం ఆపి ఎదురుచూసేది.

గడ్డ ప్రమాదకరమైనది కాదని రిపోర్టు వచ్చింది. అయినా అప్పుడప్పుడూ స్కానింగ్ తప్పదు. మొదటిసారి చూపించుకోవడానికి వెళ్లినప్పుడు డాక్టరమ్మ మెట్లమీద ఎదురయ్యారు. మరో ఆపరేషన్‌కు వెళ్లే తొందరలో కూడా ఆగి, “మంచిగ మాట్లాడుతున్నరా అక్కా?” అని అడిగారు. మళ్లీ పాఠాలు చెబుతున్నానన్నాను. పక్కనే ఉన్న మా ఆయన ఆవిడకు చేతులు జోడించారు.