నా పేపర్‌ను కాదన్న వాక్యం

హైదరాబాద్‌ల యూనివర్సిటీ లైబ్రరీల, ఎవరి పరిశోధనను ఎవరు ఎక్కడ ఉదహరించిండ్రో చూపే లావు పుస్తకాలు ఉండేవి. అచ్చు చీమలంత సన్నగ ఉండేది. ఎనభైల చివర్ల ఒకనాడు వాటిల్ల నా ఇంటిపేరు కింద ఒక వరుస కనవడ్డది. దానిమీద వేలు పెట్టి చానసేపు అట్లనే కూసున్న. ఆర్మూర్ డిగ్రీ కాలేజీల బాటనీ చెప్పుకునేదాన్ని. అచ్చయిన పేపరు ఒక్కటే. దాన్ని ఎవరో చదివిండ్రు, చదివి తమ పేపర్ల పేరు పెట్టిండ్రు.

ఆ పేపరు మా బాపు చేన్ల పుట్టింది. మా దిక్కు పసుపు సాళ్ల నడుమ మక్కజొన్న ఏస్తరు. మక్క నీడల ఉన్న పసుపాకు, ఎండల ఉన్న ఆకుకు పెద్దగ తీసిపోదని, తక్కువ వెలుతురుతోటే దాదాపు అంత తిండి తయారు చేసుకుంటదని నేను కొలిచి రాసిన. పుస్తకాల్ల చెప్పే కిరణజన్య సంయోగక్రియనే, కాకపోతే మా చేన్ల.

నన్ను ఉదహరించిన జర్నల్ అవతలి అల్మారల దొరికింది. నిలవడే చదివిన. వేరే రాష్ట్రంల ఒక పరిశోధన కేంద్రంవాళ్లు రాసిండ్రు. నా పేరు ఒక్కచోటనే ఉన్నది. ఆ ఫలితం తమ పరీక్షల్ల రాలేదని, నా కొలతల్ల పొరపాటు జరిగి ఉండవచ్చని.

పక్కన ఎవరన్న చూస్తున్నరేమోనని జర్నల్ మూసేసిన.

పీహెచ్‌డీల నాకు గైడ్‌గ ఉన్న సారు దగ్గరికి పోయి చెప్పిన. ఆయన నవ్విండు.

"ఎందుకమ్మా అంత ఫికరు? మెచ్చుకున్నా ఒకటే, కాదన్నా ఒకటే. ఉదహరించిండ్రా లేదా అన్నదే చూస్తరు. యూనివర్సిటీల రీడర్ పోస్టుకు ఇంటర్వ్యూ వస్తున్నది, ధైర్యంగ చూపించుకో."

"నిజంగనే నాది తప్పయితే, సార్?"

"నీకు తప్పనిపిస్తున్నదా?"

"మిషన్ ఇప్పించండి సార్. మళ్ల కొలుస్త" అన్న.

ఆకు ఎంత గాలి పీల్చుకుంటదో కొలిచే మిషన్ డిపార్ట్‌మెంట్ మొత్తానికి ఒక్కటే. నా వంతు వచ్చేసరికి మక్క పండిపోయింది. మిషన్ పెట్టె ఒళ్లె పెట్టుకొని పోయి ఊర్ల బస్సు దిగేసరికి మొగులు పట్టి ఉన్నది. బాపు కల్లం ఊడ్చుకుంటున్నడు.

"రేపు కూలోళ్లు వస్తున్నరు బిడ్డా. కంకులు ఇరిచి సొప్ప కోస్తం."

"కొయ్యద్దు బాపు. మక్క నిలవడి ఉంటేనే నాకు పనయితది."

"ఎన్ని రోజులు?"

"మొగులు ఇడిసి ఎండ వచ్చేదాంక."

"ఎండ నా చేతుల ఉన్నదా, నీ చేతుల ఉన్నదా? కంకులు నానితే మొలకలొస్తయి."

ఆయన చీపురు పక్కకు పెట్టి చేను దిక్కు చూసిండు.

"బాయి పక్క ముక్క నిలవెడ్త. కంకులతోటే. వాన పడితే అవి పోయినట్టే అనుకోవాలె."

తెల్లారి కడమ చేనంత కోసిండ్రు. ఆ సాయంత్రమే ముసురు పట్టింది. గొడుగు పట్టుకొని ఆ ముక్కను చూసుకుంట నిలవడేదాన్ని. కంకుల మీదినుంచి నీళ్లు కారుతుంటే నా పానం మీదినుంచి కారినట్టుండేది. మిషన్ వాపస్ ఇచ్చే గడువు దగ్గరవడ్డది.

ఆఖరి రోజు ఎండ వచ్చింది. సాళ్ల నడుమ బురదల కూసొని ఆకుకు మిషన్ క్లిప్పు తగిలించిన. అంకె తక్కువ వచ్చింది. ఇంకో ఆకు, ఇంకో సాలు. అంతే. వాళ్లు రాసిన దానికే దగ్గర. నిజంగనే పొరపాటు చేసిననా? ఇన్నేండ్లు పిల్లలకు ఏం చెప్పిన నేను?

అప్పుడు గాలి లేచింది. మక్కాకులు అటుఇటు ఊగినయి. రూపాయి బిళ్లంత ఎండ పసుపాకు మీదికి జారింది, అంకె ఒక్కసారి పైకి ఎగిరింది. నీడ మళ్ల వచ్చింది, గాని అంకె వెంటనే పడలేదు, మెల్లమెల్లగ దిగింది. మళ్ల ఎండ, మళ్ల పైకి. వాళ్లు కుండీల్ల మొక్కలు పెట్టి, మీద పచ్చ గుడ్డ కట్టి కొలిచిండ్రని వాళ్ల పేపర్లనే ఉన్నది. గుడ్డ నీడ కదలదు. మక్క నీడ ఆడుతనే ఉంటది. ఆడినప్పుడల్ల పడే ఆ ఎండ ముక్కలతోటే ఆకు తిండి కూడబెట్టుకుంటది.

"బాపూ!" అని ఒర్రిన.

ఆయన కట్టె పట్టుకొని ఉరికొచ్చిండు. "పామా?"

"కాదు బాపు, గాలి. గాలి వచ్చింది."

"గాలికేనా గంత ఒర్రుడు!" అని మొకం తుడుసుకున్నడు. పోలేదు గని. పొద్దు గూకేదాంక నేను చదివిన అంకెలు ఆయననే రాసిండు.

ఇంటర్వ్యూల ఒక పెద్దమనిషి ఆ జర్నల్ ముంగట పెట్టుకొనే కూసున్నడు. ఆ వాక్యం బయటికి చదివి, "దీనికేమంటరు?" అన్నడు. గుడ్డ నీడ, మక్క నీడ సంగతి చెప్పి కొత్త కొలతలు చూపించిన.

"ఇవి అచ్చయినయా?"

"ఇంకా కాలేదు సార్."

"అయినంక రండి."

పోస్టు ఇంకొకరికి పోయింది. బాయి పక్క కంకులకు మొలకలొస్తే బర్లకేసిండ్రు. బాపు ఆ మాట ఎన్నడూ ఎత్తలేదు.

రెండో పేపరు అచ్చయినంక ఆ కేంద్రంవాళ్లే తమ తర్వాతి పేపర్ల, నిలువు పంట నీడల నా ఫలితం నిజమేనని రాసిండ్రు. గైడ్ సారు కాలేజీకి ఫోన్ చేసి మరీ చెప్పిండు. ఇంకొందరు గూడ ఉదహరించిండ్రు. కాకపోతే రెండోది చూడకుండ, పొరపాటన్న పాత మాటనే ఎత్తి రాసేటోళ్లు ఇప్పటికీ ఉన్నరు. మొదట్ల కోపమొచ్చేది. రానురాను అలవాటయింది.

తొంభైల నడుమ ఒక సదస్సుల ఆ వాక్యం రాసినాయన నా దగ్గరికి వచ్చి పరిచయం చేసుకున్నడు. నాకంటే చిన్నోడే. "మీ మిషన్‌ను అనుమానించినం, మా గుడ్డను అనుమానించలేదు" అన్నడు ఇంగ్లీషుల. చాయ్ తాగుదాం రమ్మన్న. మక్క చేన్ల ఉండంగ ఆర్మూర్ రమ్మని గూడ చెప్పిన.

వచ్చిండు. రెండు మిషన్లతోటి.