బోటు కింద బండి నొగలు

భానుప్రకాశ్ దగ్గర పనిచేసిన ఇన్నేళ్ళలో మునెప్ప బోటు ఎక్కి తిరిగింది తక్కువ, బోటు కింద దూరి పడుకున్నది ఎక్కువ. పైనెక్కి తిరిగినవాళ్ళు ఫోటోలు తీసుకున్నారు. కింద పడుకున్నవాడికి నడుము నొప్పి మిగిలింది.

భానుప్రకాశ్‌కు మదనపల్లెలో శామియానాల అంగడి ఉంది. ఒక ఏడు వానలు బాగా పడి చుట్టుపక్కల చెరువులన్నీ నిండేసరికి, పెళ్ళిళ్ళకు కుర్చీలు అద్దెకిచ్చినట్టు నీళ్ళకు బోటు ఎందుకివ్వకూడదని అతనికి తోచింది. తమిళనాడు నుంచి ఒక పాత ఫైబరు బోటు, దాన్ని మోసే ఇనుప ట్రైలరు కొనుక్కొచ్చాడు. ట్రైలరును బొలేరో వెనక తగిలించుకుని, ఈ వారం మదనపల్లె పక్క చెరువుకు, పై వారం పుంగనూరుకు, జాతరలప్పుడు కుప్పం దాకా, జనం ఎక్కడుంటే అక్కడికి బోటును తిప్పడం మునెప్ప పని. దించడం అతనే, నడపడం అతనే, సాయంత్రానికి మళ్ళీ ఎక్కించడమూ అతనే. పేరు మాత్రం భానుప్రకాశ్ బోటింగ్.

బోటును ఇనుము మీద నేరుగా కూర్చోబెడితే అడుగు పగులుతుంది. అందుకని ట్రైలరుకు నిలువునా రెండు పొడుగాటి చెక్క పలకలు బిగించి, వాటి మీద కార్పెట్ కప్పుతారు. బోటు బరువంతా ఆ రెండు పలకలదే. బోటు నీళ్ళలోకి దిగేటప్పుడు ట్రైలరు కూడా సగం మునుగుతుంది, పలకలు నానిపోతాయి. ఆరేదాకా ఆగే తీరిక ఎవరికుంది? తడి మీదే బోటును ఎక్కించి, తాళ్ళు బిగించి, ఇంకో ఊరికి పరుగెత్తాలి. అలా తడిసీ ఎండీ చెక్క లోపల్లోపలే పుచ్చిపోతుంది. పైన కార్పెట్ ఉంటుంది కాబట్టి చూసేవాళ్ళకు ఏమీ తెలియదు. కనబడని దానికి డబ్బు పెట్టే మనిషి కాదు భానుప్రకాశ్.

అతను వేయించిన పలకలు ప్యాకింగ్ పెట్టెల చెక్కవి. వాటి మీదికి పెళ్ళిమంటపంలో తొక్కి తొక్కి పనికిరాకుండా పోయిన ఎర్ర కార్పెట్. ఏడాది తిరక్కుండానే చెక్క పిండి అయ్యేది, మేకులు తుప్పు పట్టి పైకి లేచేవి. మునెప్ప చెప్పినప్పుడల్లా భానుప్రకాశ్ ఇంకో కార్పెట్ ముక్క ఇచ్చేవాడు. ఆయుధపూజ రోజున దాని మీద పసుపూ కుంకుమా పెట్టి, నిమ్మకాయలు కట్టి, ఫోటో తీసి పెట్టుకునేవాడు. ఫోటోలో ట్రైలరు పెళ్ళికొడుకులా ఉండేది. ఒకసారి పలమనేరు దారిలో పలక విరిగి, లేచిన మేకు బోటు అడుగును జానెడు పొడుగున గీసింది. తిట్లు మాత్రం మునెప్పకు పడ్డాయి, చూసి తోలలేదని.

అలాంటి ఆయుధపూజ రోజే, అంగడి ముందర నలుగురూ నిలబడి ఉండగా భానుప్రకాశ్ ఒక మాట అన్నాడు.

"వచ్చే ఏడు కొత్త బోటు తెస్తాండా. అది వచ్చిందంటే ఈ పాతది నీకే మునెప్పా. మీ పుంగనూరు చెరువులో ఏసుకోని నువ్వే తిప్పుకో. నాకేమీ ఇయ్యబల్లేదు. అంతవరకూ దాన్ని చెడిపోకుండా చూసుకో, చాలు."

మునెప్ప అప్పటికి యాభైకి దగ్గరపడుతున్న మనిషి. సదుం వైపు పల్లెలో పుట్టి, తండ్రి వెంకటస్వామి బండి వెనక నడిచి పెరిగాడు. ఎద్దులు పోయాక ట్రాక్టరు తోలాడు, టమోటా లారీలకు ఎత్తాడు, ఇంటి పునాదులు తవ్వాడు. ఇది నాది అని చెప్పుకునే పని ఒక్కటీ దొరకలేదు. నలుగురిలో అన్న మాట కాబట్టి నమ్మాడు. ఆ రోజు నుంచి బోటు అతని కంటికి వేరేలా కనబడసాగింది. కడిగేటప్పుడు కూడా మెల్లగా కడిగేవాడు.

తనది కాబోయే బోటును పుచ్చిన పలకల మీద ఎలా తిప్పుతాడు? మంచి చెక్క కావాలి. కొనే స్తోమత లేదు, అడిగితే ఇచ్చే యజమాని కాదు. ఇంటి వెనక రేకుల కింద తండ్రి బండి ఉంది. చక్రాలు ఎప్పుడో పోయాయి కానీ, కాడి నుంచి వెనకదాకా బండిని మోసే రెండు నొగలు చెక్కుచెదరలేదు. వేగిస చెక్క. వెంకటస్వామి వాటి మీద ఒక జీవితకాలం ఇటుకలు తోలాడు.

ఆ నొగల మీద అతని భార్య ఆదిలక్ష్మి కన్ను చాలా రోజులుగా ఉంది. కాలనీ ఇల్లు కట్టుకున్నప్పుడు వాకిలికి రేకు తలుపు పెట్టారు. గాలికి కొట్టుకుంటుంది, కుక్క తోస్తే తెరుచుకుంటుంది. నొగలు కోయించి మంచి తలుపు చేయించాలని ఆమె కోరిక. పండక్కి చీర అడగని మనిషి, తలుపు అడిగింది.

"బోటు మనదయినాక తలుపు చేయించుకోవచ్చు ఆదీ. టేకుదే చేయిస్తా," అన్నాడు మునెప్ప.

"కాగితం మీద రాసిచ్చినాడా?"

"నలుగుర్లో చెప్పినాడు."

"నలుగురూ ఆయప్ప అంగడోళ్ళే గదా," అంది ఆదిలక్ష్మి. ఆపైన నొగల ఊసెత్తలేదు. అలిగిందో, నమ్మిందో మునెప్పకు తెలియలేదు. అడగడానికి భయపడ్డాడు.

పుంగనూరులో లారీ బాడీలు కట్టే అబ్దుల్ రహీం దగ్గరికి నొగలు తీసుకుపోయాడు. రహీం ఉలితో ఒక మూల గీరి, వాసన చూసి, ఇంత మంచి కట్టెను ఎవడి బోటు కిందనో ఎందుకు వేస్తున్నావని అడిగాడు.

"నా బోటు కిందనే," అన్నాడు మునెప్ప. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. చెప్పలేనంత సంతోషమేసింది.

రహీం వాటిని కోయించి, నున్నగా చిత్రిక పట్టి, బోల్టు తలలు చెక్క లోపలికి దిగిపోయేలా బిగించాడు. కార్పెట్ పైవైపు మాత్రమే వేశాడు. అడుగున వదిలేస్తే తాగిన నీళ్ళు కారిపోయి చెక్క ఆరుతుందని చెప్పాడు. వానాకాలం పోయింది, ఎండాకాలం పోయింది, మళ్ళీ వానలొచ్చాయి. పలకలు ఇంత కూడా కదల్లేదు. బోటు అడుగున కొత్త గీత ఒక్కటి పడలేదు. భానుప్రకాశ్ ఒకరోజు వంగి చూసి, "బాగుండాదే," అన్నాడు. కట్టె ఎక్కడిదని అడగలేదు.

కొత్త బోటు రాబోతున్నదని తెలిసిన నెలలో ఎవరో ఇద్దరు కారులో వచ్చారు. ఒకాయన పెద్దవాడు, చేతికి బంగారు గడియారం. భానుప్రకాశ్ మునెప్పను పిలిచి, బోటు చూపించమన్నాడు. కొత్త బోటు కంపెనీవాళ్ళేమో అనుకున్నాడు మునెప్ప. తన బోటు ఎంత బాగుందో పెద్దవాళ్ళకు చూపించే అవకాశం మళ్ళీ రాదని, వద్దన్నా చూపించాడు. ఇంజను వేశాడు. ట్రైలరు కిందికి దూరి పలకలను చేత్తో తట్టి వినిపించాడు.

"మా నాయన బండి నొగలు సార్ ఇవి. వేగిస. నీళ్ళల్లో ఎన్నేండ్లున్నా ఏమీ కాదు. మీరే తట్టి సూడండి."

ఆయన తట్టి చూశాడు. తృప్తిగా తల ఊపాడు. భానుప్రకాశ్ మునెప్ప భుజం మీద చెయ్యి వేశాడు. అలా వేయడం అంతకుముందు ఎన్నడూ లేదు. ఆ చెయ్యి బరువుకు మునెప్ప మురిసిపోయాడు. ఇంటికి వచ్చి ఆదిలక్ష్మికి చెప్పాడు కూడా. పాపం, ఆ పూట అమ్ముడుపోయింది తన బోటేనని, దాన్ని ఎక్కువ ధరకు అమ్మిపెట్టింది తన నోరేనని అతనికి ఎలా తెలుస్తుంది?

ఆ వారంలోనే బోటును కుప్పం తీసుకుపొమ్మన్నాడు భానుప్రకాశ్. గుడుపల్లె దగ్గర కొత్తగా పెట్టిన రిసార్టు, పెద్ద కుంట ఉంది, దించి రమ్మన్నాడు. జాతరకు పోయినట్టే పోయాడు మునెప్ప. బోటు నీళ్ళలోకి దిగింది. తాళంచెవి జేబులో వేసుకోబోతుంటే రిసార్టు మేనేజరు చెయ్యి చాపాడు.

"కీ మాకియ్యప్పా. బోటూ ట్రైలరూ మా సారు కొన్నాడు గదా. నీకు చెప్పలేదా?"

తాళంచెవి ఇచ్చేశాడు మునెప్ప. ఇవ్వక ఏం చేస్తాడు? గట్టున ఒక రాయి మీద కూర్చున్నాడు. కాళ్ళు తడిగా ఉన్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. బోటు మీద కోపం రాలేదు, భానుప్రకాశ్ మీదా ఇంకా రాలేదు. తట్టి చూడండి సార్ అన్న తన మాట చెవుల్లో మోగుతుంటే, తన చెంప తనే వాయించుకోవాలనిపించింది.

చాలాసేపటికి షెడ్డు వైపు సుత్తి చప్పుడు వినబడి లేచి వెళ్ళాడు. ట్రైలరు మీద వెల్డింగు మనిషి నల్లటి ప్లాస్టిక్ పలకలు బిగిస్తున్నాడు.

"ఈడుండే కట్టె పలకలు యాడ?"

"అవి పాతవి గదన్నా. ఇవి ముందే తెప్పించి పెట్టినారు. ఇంక మార్చే పని లేదంట. అవి వంటింటికి ఎత్తకపొయినారు."

వంటింటి వెనక కట్టెల పొయ్యి మండుతోంది. నొగలు గొడ్డలితో ముక్కలై పొయ్యి పక్కన పడి ఉన్నాయి. రహీం నున్నగా చేసిన వైపు, బోల్టు పట్టిన గుంటతో సహా, ఒక ముక్క మంటలో ఉంది. వంటమనిషి బుజ్జమ్మ అతన్ని చూసి విస్తరి వేసింది.

"దూరం నుంచి వచ్చినావు, తినిపోప్పా. మంచి కట్టె ఇది, నిప్పు బాగా నిలుస్తాంది."

అది తన తండ్రి బండి అని చెబుదామని నోరు తెరిచాడు. చెబితే ఆమె మాత్రం ఏం చేస్తుంది? పొద్దున్నుంచి ఏమీ తినలేదు. కూర్చున్నాడు. సంగటి వేడిగా ఉంది. తిన్నాడు. తింటున్నంతసేపూ తన మీద తనకు అసహ్యం వేసింది, అయినా రెండోసారి కూడా పెట్టించుకున్నాడు.

చెయ్యి కడుక్కుని భానుప్రకాశ్‌కు ఫోన్ చేశాడు. అడగవలసిన మాటలన్నీ తింటూనే కూర్చుకున్నాడు. నలుగురిలో అన్న మాట ఏమయిందని అడగాలి. మా నాయన నొగలకు బదులు చెప్పమని అడగాలి.

"దించేసినావా మునెప్పా?" భానుప్రకాశ్ గొంతు హుషారుగా ఉంది. "మంచి రేటు వచ్చింది, నీకు చెప్పేదానికే కుదర్లే. పాతది నీకిస్తే రిపేర్లకు నువ్వే సస్తావు, నీ మంచికే అమ్మేసినా. కొత్త బోటు శుక్రారం వస్తాంది, దాన్నీ నువ్వే సూసుకోవల్ల. ఇంగో మాట. దాని ట్రైలరుకు ఏసిన పలకలు ఏం బాగలేవు. నువ్వు ఏసినావే, అట్లాంటి కట్టె కావల్ల. మీ పల్లెల్లో పాత బండ్లు ఇంకా ఉంటాయి గదా, యాడైనా సూడు."

అవతల భానుప్రకాశ్ జవాబు కోసం ఆగి ఉన్నాడు.

"సూస్తాలే అన్నా," అన్నాడు మునెప్ప.

ఫోన్ పెట్టేశాక కానీ తనేమన్నాడో అతనికి తెలియలేదు. మళ్ళీ ఫోన్ చేసి కాదనవచ్చు. చెయ్యలేదు. ట్రైలరు లేని బొలేరో తేలిగ్గా పోతోంది. వి.కోట దాటాక, రోడ్డు పక్క ఒక ఇంటి చావడిలో, గోడకు ఆనించిన పాత ఎద్దులబండి ఒకటి కనబడింది. చక్రాలు లేవు, నొగలు గట్టిగానే ఉన్నట్టున్నాయి. ఛీ అని గట్టిగానే తిట్టుకున్నాడు. అప్పటికే కాలు బ్రేకు మీద ఉంది.