ఆవిడ పేరున్న తీగ

ఆకులాయనకు కుదురు లేదు. ఈ మాట ఇంట్లో భార్యే కాదు, ఆఫీసులో టీ తెచ్చే మనిషి కూడా అంటాడు. కూర్చుంటే కాలు ఊపుతాడు, నిలబడితే జేబులో తాళాలు ఆడిస్తాడు. దిగాల్సిన స్టాపు ఇంకా ఎంతో దూరం ఉండగానే లేచి తలుపు దగ్గర నిలబడి కండక్టరు చేత చీవాట్లు తింటాడు. ఇలాంటి మనిషి జీవితమంతా చేసిన ఉద్యోగం ఏమిటయ్యా అంటే, కదలని మెదలని ఎండు మొక్కలను చూడటం.

ఆయన పనిచేసేది హెర్బేరియంలో. ఎక్కడెక్కడి మొక్కలనో తెచ్చి, కాగితాల మధ్య నొక్కి ఎండబెట్టి, అట్టలకు కుట్టి ఇనుప బీరువాల్లో దాచే చోటు అది. బీరువా తెరిస్తే కలరా ఉండల వాసన ముక్కులు అదరగొడుతుంది. అందులో ఆయన వాటాకు వచ్చింది చేమ కుటుంబం. చేమ, కంద, ఇళ్లల్లో సీసాలో నీళ్లు పోసి పెంచుకునే మనీప్లాంటు, వాన అడవుల్లో చెట్లెక్కే పెద్దాకుల తీగలు, అన్నీ ఆ ఇంటి బిడ్డలే. పడగలాంటి ఒక రేకు, దాని మధ్య ఒక కంకి, అదీ వాటి పువ్వు. ఎవరు ఎవరో ఆ పువ్వును చూసి తేల్చాలి. ఆకును నమ్ముకుంటే నట్టేట మునిగినట్టే. ఈ తీగలు నేల మీద పాకినన్నాళ్లూ ఒక రకం ఆకు వేసి, పైకెక్కడానికి ఆధారం దొరికాక ఇంకో రకం ఆకు వేస్తాయి. రెండూ ఒకటేనంటే కన్నవాళ్లు కూడా నమ్మరు.

గురువుగారు ఈ సంగతి చిలక్కి చెప్పినట్టు చెప్పారు. "పువ్వు చూడకుండా పేరు పెట్టకు నాయనా, నవ్వులపాలవుతావు" అన్నారు. ఈయన వింటేగా. అప్పుడు కొత్తగా పెళ్లయింది. ఒకరోజు అన్నం తింటూ భార్య నవ్వుతూనే ఒక మాట అంది. "ఇల్లు మీ నాన్నగారి పేరు మీద, కరెంటు మీటరు మీ పేరు మీద. నా పేరు మీద ఏముందండీ ఈ ఇంట్లో?" నవ్వుతూ అన్న మాటే గానీ ఈయనకు ముద్ద దిగలేదు. అంతకు ముందే కొండ అడవిలో, నీళ్లు కారే బండకు అంటుకుని పాకుతున్న చిన్న తీగ ఒకటి ఆయనకు దొరికింది. హృదయాకారపు చిన్ని ఆకులు, వెనకంతా వెండి మెరుపు. అలాంటిది పుస్తకాల్లో ఎక్కడా లేదు. పువ్వు కోసం ఎదురుచూడాల్సింది. కుదురుంటే కదా. భార్య పేరుకు ఒక లాటిన్ తోక తగిలించి, కొత్త జాతి అని అచ్చు వేయించేశాడు.

ఆ రోజు ఆవిడ మొహం చూడాలి. అచ్చయిన ఆ కాగితానికి పటం కట్టించి ముందు గదిలో తగిలించింది. పాలు పోసేవాడికీ, దర్జీకీ, ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ చూపించింది. తీగలో ఒక ముక్కను కుండీలో వేసి కిటికీలో పెట్టుకుంది. "చీర ఎవరైనా కొంటారు. మొక్కకు పేరెవరు పెడతారు వదినా" అని ఆడపడుచుతో అనడం ఈయన చెవిన పడి, ఆ పూటంతా గాల్లో తేలాడు. తర్వాత కొన్నేళ్లకు కుట్టుపని నేర్పే బడివాళ్లు ఆవిడను పంతులమ్మగా రమ్మని పిలిస్తే, "ఇప్పుడెందుకులే" అన్నది కూడా ఈయనే. అన్న సంగతి ఈయనకు గుర్తు లేదు.

గుర్తున్నది ఇంకొకటి ఉంది. ఒక వానాకాలం ఆ కుండీలో తీగ కిటికీ ఊచ పట్టుకుని పైకి ఎగబాకింది. పైకెక్కిన చోట పుట్టిన కొత్త ఆకు అరచేతికన్నా పెద్దది, అంచున ఒక చీలిక. ఆకులాయన గుండెల్లో రాయి పడింది. అలా చీలిన ఆకులున్న తీగ ఆయనకు బాగా తెలుసు. ఏనాడో పోయిన ఒక ముసలి శాస్త్రజ్ఞుడు వందేళ్ల కిందటే దానికి పేరు పెట్టి వెళ్లాడు. తను కొత్త జాతి అనుకున్నది దాని చిన్నతనమేనా? రెండూ ఒకటే అయితే ముందు పెట్టిన పేరే నిలుస్తుంది. ఆవిడ పేరు పోతుంది.

ఆయన అటూ ఇటూ చూసి ఆ చివరను గోటితో తుంచేశాడు. అది మొదలు. రోజూ పొద్దున్నే ఆవిడ పొయ్యి మీద పాలు పెట్టే వేళకు కిటికీ దగ్గరికి వెళ్లడం, ఎక్కడ చిగురు తలెత్తితే అక్కడ తుంచడం, చెత్తబుట్టలో పారేయడం. చేమ కుటుంబం కదా, రసం తగిలితే దురద. బొటనవేలు గోక్కుంటూ కాఫీ తాగేవాడు. ఆవిడ అప్పుడప్పుడూ కుండీ ముందు నిలబడి, "ఇదేమిటండీ, ఎన్ని నీళ్లు పోసినా ఇంతే ఉంటుంది" అనేది. "దాని జాతే అంత" అనేవాడు.

ఇలాగే రిటైరైపోతాను అనుకున్నాడు. కానీ ఆఫీసులో కొత్తమ్మాయి ఉంది. వచ్చి చాలాకాలమైనా అందరికీ కొత్తమ్మాయే. చేమ కుటుంబంలో ఎవరు ఎవరో మొదటినుంచీ మళ్లీ తేల్చే పని ఆమెది. ఒకరోజు అట్ట పట్టుకుని ఆయన బల్ల దగ్గరికి వచ్చింది.

"సర్, మీరు పేరు పెట్టిన తీగకు పువ్వే లేదు. మళ్లీ ఎవరికీ దొరకలేదు కూడా. మీ ఇంట్లో బతికున్న మొక్క ఉందట కదా, ఆంటీ చెప్పారు. ఆదివారం వచ్చి చూస్తాను."

ఆకులాయన జేబులో తాళాలు ఆడించాడు. "అది పూయదమ్మా. కుండీ మొక్క."

"పర్లేదు సర్. ఎలా పెరుగుతోందో చూస్తే చాలు."

ఎలా పెరుగుతోందో కాదు, ఎలా పెరగడం లేదో చూస్తుంది, అదీ ఆయన భయం. ఆ వారమంతా ముళ్ల మీద కూర్చున్నట్టే గడిపాడు. అన్నం కలిపి తినకుండా లేచిపోయాడు. ఒక మొక్క అట్ట ఇంకో మొక్క బీరువాలో పెట్టాడు. ఆదివారం పొద్దున కుండీ చేతుల్లోకి తీసుకుని కిటికీ దగ్గర నిలబడ్డాడు. చెయ్యి జారిందంటే ఎవరడుగుతారు?

"దాన్నెందుకు ఎత్తారు?" భార్య వెనకనుంచి అడిగింది.

"ఎండ తగలాలని."

"ఎండ ఇటు లేదుగా," అని ఆవిడ కుండీ అందుకుని, తడిగుడ్డతో ఆకులు తుడిచి, మళ్లీ దాని చోట పెట్టింది.

కొత్తమ్మాయి వచ్చింది. మంచినీళ్లు తాగి, భూతద్దం తీసి, కుండీ మీదకు వంగింది. కాడ పొడుగునా కణుపుల దగ్గర ఎండిన గాయాలు. "దీన్ని ఎవరో తుంచుతున్నారే" అంది తనలో తను. ఆకులాయన కిటికీ దగ్గరినుంచి తలుపు దగ్గరికి, తలుపు దగ్గరినుంచి కిటికీ దగ్గరికి నడిచాడు.

"తుంచిన కొసలు కావాలా అమ్మా?" అంది భార్య. "వెనక ఉన్నాయి, రా."

ఇంటి వెనక నీళ్ల ట్యాంకు, దాని కింద బట్టలుతికే బండ. ఆకులాయన ఆ పక్కకు వెళ్లి ఎన్నేళ్లయిందో. బట్టలు ఉతికితే కదా వెళ్లడానికి. ట్యాంకు పొర్లినప్పుడల్లా తడిసే సిమెంటు స్తంభాన్ని పట్టుకుని ఒక తీగ పైదాకా ఎక్కి ఉంది. అడుగున స్తంభానికి అతుక్కున్న హృదయాకారపు చిన్ని ఆకులు, వెనక వెండి మెరుపు. నడుము ఎత్తుకు వచ్చేసరికి అవి పెద్దవయ్యాయి. తలపైన చేటంత ఆకులు, నడి ఈనె దాకా చీలి ఉన్నాయి. ట్యాంకు అంచున లేత పసుపు పడగ విప్పుకుని ఒక పువ్వు.

కొత్తమ్మాయి స్తంభం ముందు వంగింది. చేత్తో కాడను అడుగునుంచి తడుముకుంటూ పైదాకా వెళ్లింది.

"ఒకటే కాడ సర్," అంది చివరికి. "కింద మీది. పైన ఆ పాతది." అని, పక్కనే నిలబడ్డ ఆవిడను చూసి, ఆపైన నోరు మెదపలేదు. ఆవిడను అడిగి పువ్వుతో సహా ఒక కొమ్మ కోసుకుంది. గేటు దగ్గర మాత్రం గొంతు తగ్గించి అడిగింది. "మీరు రాస్తారా సర్, నన్ను రాయమంటారా?"

"నేనే రాస్తాను," అన్నాడు ఆకులాయన.

తిరిగి వచ్చేసరికి ఆవిడ ట్యాంకు దగ్గరే ఉంది, రాలిన ఆకులు ఊడుస్తోంది. ఇక దాచడానికేముంది, మొత్తం చెప్పేశాడు. పువ్వు చూడకుండా పేరు పెట్టిన సంగతి, గురువుగారు వద్దన్న సంగతి, కిటికీ ఊచ మీద కనబడ్డ చీలిక సంగతి.

"అయితే నా పేరు కొట్టేస్తారా?"

"కొట్టేయరు. పాత పేరు కింద చిన్నక్షరాల్లో రాస్తారు. ఒకప్పుడు పొరపాటున ఇలా కూడా పిలిచారని. ఎన్నాళ్లైనా అక్కడే ఉంటుంది."

ఆవిడ తలూపింది. చీపురు గోడకు ఆనించింది. "అందుకా తుంచింది?"

"నీకు తెలుసా?"

"మీ బొటనవేలు చూస్తే తెలియదూ? రోజూ కాఫీ గ్లాసు పట్టుకుని గోక్కుంటారు. చెత్తబుట్టలో పచ్చటి ప్రాణం పారేయడానికి చేతులు రాక తెచ్చి ఇక్కడ గుచ్చాను. కొన్ని పోయాయి, ఇది పట్టుకుంది."

"మరి ఎందుకు తుంచుతున్నానని ఎప్పుడూ అడగలేదేం?"

 ఆవిడ కొంగుకు చేతులు తుడుచుకుంది.

"ఏమని అడగను? కుట్టుబడిలో చేరతానంటే, ఇప్పుడెందుకులే అన్నారు చూడండి. ఇదీ అలాంటిదే అనుకున్నా. నా పేరున్నది ఎదుగుతుంటే మీకు గిట్టదేమో అనుకున్నా. ఇన్నేళ్లూ అదే అనుకున్నానండీ."

 ఆకులాయన, నీ పేరు నిలపడానికే కదా చేశాను అనబోయి, అనలేకపోయాడు. ఆ తడి బండ మీదే కూలబడ్డాడు. కాలు ఊపలేదు, తాళాలు ఆడించలేదు.

 ఆవిడ లోపలికి వెళ్లి, కిటికీలో కుండీ తెచ్చి ఆయన పక్కన దించింది.

"కూర్చున్నది చాలు గానీ, లేవండి. దీనికి కూడా ఒక గుంజ పాతండి."