మడవ తిప్పిన శుక్రవారం

ఒమన్‌లోని సమాయిల్‌లో మేం ముగ్గురం సైకిళ్ళు కొన్నది షికారు కోసం కాదు, రూమ్ నుంచి పారిపోవడం కోసం. ఒక్క రూమ్‌లో పదకొండు మందిమి ఉండేవాళ్ళం. శుక్రవారం డ్యూటీ ఉండదు కాబట్టి ఒకడు బట్టలు ఉతుక్కునేవాడు, ఒకడు పాత ఉత్తరాలు మళ్ళీ చదువుకునేవాడు, మిగతావాళ్ళు ఒకరినొకరు పీక్కుతినేవాళ్ళు. నేను కంపెనీ స్టోర్ చూసేవాణ్ణి. మా కరీంనగర్ మేస్త్రి ఒకాయన, నిజామాబాద్ ఎలక్ట్రీషియన్ ఒకడు నాకు జత. శుక్రవారం తెల్లవారకముందే రొట్టెలు, ఉల్లిగడ్డలు మూటగట్టుకుని బయలుదేరేవాళ్ళం. మేస్త్రి దీనికి టూర్ అని పేరు పెట్టాడు. చెయిన్ ఊడినచోటల్లా ఆగుతాం కాబట్టి దారిలో ఏదీ చూడకుండా పోయే ప్రమాదం లేదని ఎలక్ట్రీషియన్ వెక్కిరించేవాడు.

ఎండిన వాగు పక్కన మట్టిబాట. రెండువైపులా ఖర్జూర తోటలు. ఆ తోటల మధ్య నుంచి ఫలజ్ పారేది. కొండ అడుగున పుట్టిన నీళ్ళను సన్నటి కాలువలో ఊళ్ళోకి తెచ్చుకుని, తోటకింతసేపని వంతులు వేసుకుని వాడుకుంటారు అక్కడ. కొండ దగ్గర పడేకొద్దీ తోటలు చిన్నవయ్యేవి. చివరి పల్లెలో ముగ్గురు నలుగురు ఆసాములు ఆ ఏడాది ఖర్జూరాల మధ్య ఆలివ్ మొక్కలు కూడా నాటారు. పై కొండల్లో అడవి ఆలివ్ చెట్లు పెరుగుతున్నప్పుడు కింద ఎందుకు పెరగవని వాళ్ళ పంతం. వెడల్పు తక్కువ ఆకులు, కింద వెండి రంగు. చూడటానికి ముచ్చటగా ఉండేవి. మొక్క మాత్రం మోకాలెత్తు దాటలేదు.

అలాంటి ఒక తోటలో కడప కుర్రవాడొకడు పనిచేసేవాడు. మొదటిసారి వాళ్ళ గోడ పక్కన చెయిన్ ఊడి, మేస్త్రి దాన్ని అమ్మనా బూతులు తిడుతుంటే, లోపలి నుంచి తెలుగు విని పరుగెత్తుకొచ్చాడు. ఇంట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ, ఊళ్ళో మాట్లాడేది తెలుగు. చదువు ఏ భాషలోనూ రాదు. ఆ రోజు నుంచి ప్రతి శుక్రవారం మా టూర్ అతని నల్ల చాయ్ దగ్గరే ముగిసేది. నన్ను అన్నా అనేవాడు. అతని ఉత్తరాలు రాసిపెట్టడం, వచ్చినవి చదివిపెట్టడం నా పని.

అతనికి ఊళ్ళో పిల్ల కుదిరింది. తాంబూలాలయ్యాయి. పిల్ల తండ్రి చెరువు కింద రెండెకరాలు సేద్యం చేసుకునే సాయిబు. ఎండాకాలంలో జైతూన్ అనే ఆ ఆలివ్ మొక్కల్ని నిలబెడితే ఆగస్టులో లీవు, టికెట్టు రెండూ ఇస్తానని అర్బాబు, అంటే తోట యజమాని, మాటిచ్చాడు. నాలుగేళ్ళలో అదే మొదటి లీవు. మత్రా బజారుకు వెళ్ళి షేర్వానీ గుడ్డ కూడా తెచ్చుకున్నాడు. మొక్క మొక్కకూ పాదు చేసి, కొబ్బరిచిప్పతో మట్టి సర్దేవాడు. ఆలివ్ చెట్టును కాదు, నికాను పెంచుతున్నాడని మేం ఏడిపించేవాళ్ళం. సిగ్గుపడేవాడు.

మే నెల మొదట్లో ఒక శుక్రవారం. తొమ్మిది గంటలకే ఎండ నెత్తి మాడ్చేస్తోంది. అతని తోట ఇంకా కిలోమీటరు దూరం ఉండగా ఫలజ్ రెండుగా చీలే చోటు వచ్చింది. ఒక పాయ పారుతోంది. రెండో పాయకు బండ అడ్డంపెట్టి, సందుల్లో పాత గుడ్డలు కుక్కారు. ఆ మూసిన పాయ పక్కనే, దాని నీళ్ళు పడేలా, ఖాళీ సిమెంటు తొట్టి, దాని మీద చింతచెట్టు నీడ. తొట్టిలో నడుం లోతు నీళ్ళుంటే ఎలా ఉంటుందో అన్నాడు ఎలక్ట్రీషియన్. మేస్త్రి నవ్వాడు. బండ తీసి పారుతున్న పాయకు అడ్డం పెట్టింది మాత్రం నేను.

తెలియక చేశానని ఎన్నోసార్లు నాకు నేనే చెప్పి చూశాను. అబద్ధం. నేను వ్యవసాయం ఇంట్లో పుట్టినవాణ్ణి. పారే నీళ్ళు ఎవరో ఒకరి వంతు అని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. మా ఊళ్ళో ఒక్క కాలువ మడవ తిప్పిన పాపానికి మా బాపు, పెద్దబాపు పన్నెండేళ్ళు మాట్లాడుకోలేదు. అయినా తిప్పాను. ఇది మన ఊరు కాదు గదా, ఎవడో అరబ్బు నీళ్ళు, వాళ్ళకేం తక్కువ అనుకున్నాను. గంటన్నర సేపు ఆ తొట్టిలో దున్నపోతుల్లా పడుకున్నాం. చింతచెట్టు కింద రొట్టెలు తిన్నాం. పోయేటప్పుడు బండను ఎక్కడిదక్కడ పెట్టి, గుడ్డలు కూడా బుద్ధిగా కుక్కాను.

కడప కుర్రవాడి తోటకు చేరేసరికి అతను మొక్కల మధ్య నిలబడి ఉన్నాడు, రెండు చేతులూ నెత్తి మీద పెట్టుకుని. మొదటి వరుస పాదులు తడిగా ఉన్నాయి. మిగతావి పొడి మట్టి. ముందు రాత్రంతా అర్బాబు అన్నగారి తోటకు నీళ్ళు కట్టి, పొద్దున తన వంతు రాగానే మడవ తెరిచి, నీడలో కూర్చున్నాడట.

"నిద్రబోయినానన్నా," అన్నాడు. "కండ్లు తెరిచేతలికి వంతు అయిపోయింది. నీళ్ళు యాడికి పోయినాయో ఏమో."

మళ్ళీ వంతు పది రోజులకు. మా తలలు ఇంకా తడిగానే ఉన్నాయి. అతను చూశాడు కూడా. పైన స్నానం చేసినారా, మంచిపని చేసినారు, ఎండ మండిపోతా ఉంది అన్నాడు. ఆ బాధలో కూడా చాయ్ పెట్టబోయాడు. తేలు కుట్టిన దొంగల్లా ముగ్గురం నేల చూపులు చూశాం. తిరుగుదారిలో నేను సైకిల్ ఆపి, వెనక్కి వెళ్ళి చెప్పేద్దాం అన్నాను. మేస్త్రి నా హ్యాండిల్ పట్టుకున్నాడు.

"నోరు మూస్కో. నీళ్ళ దొంగలని పోలీసులకు అప్పజెప్తే మనల్ని ఇంటికి తోలుతరు. వాని లీవు ఇయ్యాల పోతే రేపొస్తది. మన కొలువు పోతే వస్తదా?"

మేస్త్రి అన్నాడని ఊరుకున్నానని చెప్పుకోవడం నాకు సుఖంగా ఉంటుంది. నిజానికి ఆయన హ్యాండిల్ పట్టుకోగానే నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ తరువాతి శుక్రవారం ముగ్గురం సైకిళ్ళకు నూనె డబ్బాలు కట్టుకుని వెళ్ళాం. మసీదు దగ్గరి బావి నుంచి మధ్యాహ్నం దాకా నీళ్ళు మోశాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే అదే. సొంత తమ్ముళ్ళయినా ఇంత చెయ్యరని అతను కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాకు వాణ్ణి కొట్టాలన్నంత కోపం వచ్చింది. ఒక్క అనుమానపు చూపు చూస్తే వాడి సొమ్మేం పోయేది, నా బరువు దిగేది కదా అనిపించింది. మొక్కలు సగానికి పైగా ఎండిపోయాయి. మస్కట్ నుంచి వచ్చిన అర్బాబు కేకలు వేయలేదు. ఎండిన మొక్కలన్నిటినీ అతని చేతనే పీకించి, లీవు వచ్చే ఏడు చూద్దాం అని మాత్రం అన్నాడు.

ఆ మాట పిల్ల తండ్రికి రాయాలి. అర్బాబుకు పనుంది, లీవు ఇవ్వలేదు అని రాస్తే చాలదా అన్నాను. ఒప్పుకోలేదు. మామయ్యేవాడికి అబద్ధం ఎట్లా రాస్తామన్నాడు. అతను చెబుతుంటే నేను రాశాను. నీళ్ళ మడవ తెరిచి నిద్రపోయాను, పాదులు తడవలేదు, మొక్కలు చచ్చిపోయినాయి, తప్పు నాదే. ఆ నాలుగు మాటలూ నా చేతిరాతతోనే పోయాయి. కలం నా చేతిలోనే ఉంది. ఒక్క వాక్యం మార్చి రాసినా అతనికి తెలిసేది కాదు, పిల్ల తండ్రికి నిజం తెలిసేది. మార్చలేదు.

నెల దాటాక జవాబు వచ్చింది. శుక్రవారం దాకా ఆగి, కవరు విప్పకుండా నా కోసం పెట్టుకున్నాడు. మేస్త్రి, ఎలక్ట్రీషియన్ బయట టైరుకు గాలి కొడుతున్నారు. అతను నా ఎదుట మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు. నేను గట్టిగా చదవడం మొదలుపెట్టాను. క్షేమసమాచారాలు, వానలు, చెరువులోకి నీళ్ళు. తరువాత అసలు సంగతి.

"నాయనా, ఆడపిల్ల తండ్రిని. ఏండ్లకేండ్లు ఆపుకోలేను. వంతు కాడ కునికే మనిషికి పిల్లను ఇచ్చేదానికి ఇంట్లో ఆడోళ్ళు ఒప్పుకోవడం లేదు. వేరే సంబంధం చూస్తా ఉండాము."

అతను తల ఊపాడు. నేను తరువాతి వాక్యాలకు వచ్చాను. వాటిని పైకి చదవలేదు. ఇప్పటికీ పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"అయితే నాకొక మాట తట్టింది. మనిషి నిద్రబోతే నీళ్ళు నిద్రబోవు. నువ్వు మడవ తెరిచినాక అవి వాటి పాటికి పారాల. పాదులు తడవలేదంటే పైన ఎవరో తిప్పుకున్నారు. ఊర్లో విచారించు. అదే నిజమైతే ఒక్క ముక్క రాయి. నా మాట మీద పిల్లను ఇంకో ఏడాది ఆపుతా."

ఒమన్ మొహం చూడని ఆ ముసలాయన చెరువు గట్టున కూర్చుని మమ్మల్ని పట్టేశాడు. గాలికి కాగితం మూల లేచింది. అతను చెయ్యి చాచి దాన్ని పట్టుకున్నాడు. ఆయన చెప్పిందీ న్యాయమే, నేనైనా పిల్లను ఇయ్యను అన్నాడు మెల్లగా. కాసేపటికి, నేను ఇంకా కాగితంలోకే చూస్తున్నానని గమనించాడు.

"ఇంకేమన్నా రాసినాడా అన్నా?"

"లేదు," అన్నాను. "అంతే రాసిండు."