వెల్లకిలా పది నిమిషాలు

నడక చూసి మనిషి గుణం చెప్పేవాళ్లున్నారు. చేతిరాత చూసి చెప్పేవాళ్లూ ఉన్నారు. పరుపుల మాస్టారు పడక చూసి చెబుతారు. ఇరవై రెండేళ్లుగా ఒకే దుకాణంలో, చెప్పులు విప్పించి జనాన్ని పరుపుల మీద పడుకోబెట్టి, పక్కన చేతులు కట్టుకుని నిలబడి చూడటమే ఆయన ఉద్యోగం. బడిలో ఏనాడూ పాఠం చెప్పలేదు. కొనడానికి వచ్చిన పెద్దమనుషుల్ని "పది నిమిషాలు. మాట్లాడకూడదు, ఫోన్ చూడకూడదు" అని బడిపిల్లల్ని కూర్చోబెట్టినట్టే పడుకోబెడతారు గనక ఆ పేరు దానంతటదే వచ్చి అతుక్కుంది.

దుకాణంలో హైబ్రిడ్ పరుపులు మూడు రకాలు. కింద స్ప్రింగులు, ఒక్కోదానికీ ఒక్కో గుడ్డ సంచి. పైన నాలుగు వేళ్ల మందాన ఫోమ్. కంపెనీవాళ్లు వాటికి ఎవరికీ నోరు తిరగని పేర్లు పెట్టారు. మాస్టారు వాటిని రద్దు చేసి తనవి పెట్టుకున్నారు. గట్టిది హెడ్మాస్టరు. మెత్తనిది మేనత్త. మధ్యది గుమస్తా, ఎవరినీ నొప్పించదు, ఎవరికీ గుర్తుండదు. బోర్లా పడుకునేవాడికి హెడ్మాస్టరే దిక్కు, లేకపోతే నడుం ఊయలలాగా కిందికి దిగిపోతుంది. పక్కకు తిరిగి పడుకునేవాళ్లకు మేనత్త. భుజం, తుంటి ఎక్కడికక్కడ ఒదిగిపోతాయి. వెల్లకిలా పడుకునేవాడికి గుమస్తా చాలు. ఇక భార్యాభర్తల్లో ఒకరు దొర్లేవాళ్లయితే, మాస్టారు పరుపు మధ్య గ్లాసుడు నీళ్లు పెట్టి వాళ్లను ఒక పక్క పొర్లమంటారు. నీళ్లు తొణక్కపోతే కాపురానికి ఢోకా లేదని ప్రకటిస్తారు.

ప్రతి ఒక్కరికీ నీలం రంగు కార్డు రాస్తారు. పక్కకా, వెల్లకిలానా, బోర్లానా, ఒళ్లు వేడా, చల్లనా, దిండ్లు ఎన్ని. కంపెనీ వంద రాత్రుల గడువు ఇస్తుంది. ఆలోగా నచ్చకపోతే పరుపు వెనక్కి తీసుకుంటుంది. అందుకని ఏడో రోజున, ముప్పయ్యో రోజున, అరవయ్యో రోజున ఫోన్ చేసి "ఎలా పడుతోందండీ నిద్ర" అని అడిగి, ఆ జవాబు కూడా కార్డు మీద ఎక్కించడం మాస్టారి పద్ధతి.

బల్ల కింది సొరుగులో మాత్రం తొమ్మిది కార్డులు విడిగా ఉంటాయి.

వాటి సంగతి ఆయన ఎవరికీ చెప్పలేదు. ఆ తొమ్మిది మందీ వేర్వేరు ఏళ్లలో వచ్చినవాళ్లు, ఒకరితో ఒకరికి సంబంధం లేనివాళ్లు. అందరూ వెల్లకిలా పడుకుని మూడు నాలుగు నిమిషాలకే లేచి కూర్చున్నారు. అందరూ ఇంకో దిండు అడిగారు. అందరూ పరుపునే తప్పు పట్టారు. అందరి పరుపులూ వంద రాత్రులలోపే వెనక్కి వచ్చాయి. వెనక్కి ఇచ్చే ఫారంలో కారణాలు అచ్చేసి ఉంటాయి: గట్టిగా ఉంది, మెత్తగా ఉంది, వేడి చేస్తోంది, ఇతరములు. తొమ్మిది ఫారాల్లోనూ ఇతరములు అన్నచోటే గుర్తు. కింద ఎవరో ఒక కొడుకో, తమ్ముడో సంతకం. పడుకున్నవాడి సంతకం ఒక్కదానిమీదా లేదు.

నాలుగో కార్డు నాటికి మాస్టారికి అనుమానం వచ్చింది. అయిదోవాడు వచ్చి లేచి కూర్చున్నప్పుడు, ఉండబట్టలేక, ఒకసారి గుండె చూపించుకోమని చెప్పారు. అతని భార్య ఏడ్చుకుంటూ మేనేజరు దగ్గరికి వెళ్లింది. మేనేజరు మాస్టారిని గదిలోకి పిలిచి, "మనం అమ్మేది నిద్ర మాస్టారూ. మెలకువలు అమ్మకండి" అన్నాడు. అప్పటినుంచి మాస్టారు నోరు కట్టేసుకున్నారు. కార్డులు మాత్రం రాస్తూనే ఉన్నారు.

అలాంటి దుకాణానికి ఒక మధ్యాహ్నం మాస్టారి అక్కా బావా వచ్చారు.

బావ ముప్పయ్యొక్క ఏళ్లు బస్సు నడిపి అంతకు ఆరు నెలల ముందే దిగినవాడు. బస్సు దిగినా గొంతు దిగలేదు. వెనక సీటుదాకా వినపడేలా మాట్లాడటం అలవాటు. వస్తూనే, "ఏరా బామ్మర్దీ, మీ అక్క నన్ను అమ్మేసి పరుపు కొనుక్కుంటానంటోంది, ఎంతొస్తుందో చూడు" అన్నాడు.

"పాతబడింది బావా, ఎవరూ తీసుకోరు" అన్నారు మాస్టారు.

"నెలరోజులయిందిరా తమ్ముడూ, మంచం మీద పడుకోవట్లేదు" అంది అక్క. "కుర్చీలో కూర్చుని కునుకు తీస్తున్నారు. అడిగితే ఇంట్లో పరుపు మునిగిపోతోందంటారు."

"ముప్పయ్యేళ్లు సీట్లో కూర్చున్న నడుమే ఇది. అడ్డంగా పెడితే ఒప్పుకోదు" అన్నాడు బావ.

మాస్టారు గుమస్తా మీద పడుకోబెట్టారు. బావ షూ విప్పాడు, మేజోళ్లు విప్పాడు. మేజోళ్ల పట్టీ ఉన్నచోట చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. వేలు పెడితే వేలు దిగేంత గాడి. మాస్టారు దాన్ని చూసి, చూడనట్టు గడియారం వైపు తిరిగారు.

మొదటి నిమిషం బావ దుకాణం పైకప్పు మీద వ్యాఖ్యానం చేశాడు. రెండో నిమిషంలో వ్యాఖ్యానం ఆగింది. మూడో నిమిషంలో లేచి కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, "బాగాలేదురా ఇది. మునిగిపోతోంది" అన్నాడు. "ఇంకో దిండు ఉందా?"

మాస్టారు అప్పటికే నడుం కింద చెయ్యి పెట్టి చూసి ఉన్నారు. పరుపు అంగుళం కూడా మునగలేదు.

"బావా, ఒకసారి డాక్టరుకి చూపించుకోకూడదూ" అన్నారు, నీళ్లు నములుతూ.

"నువ్వు పరుపులమ్ముతున్నావా, భయాలమ్ముతున్నావా? మీ అక్క ముందు అలాంటి మాటలనకు. ఏడుపు మొదలుపెడితే నాకు హారను కొట్టినా వినపడదు."

అక్క ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. మేనేజరు అద్దాల గదిలోంచి తలెత్తాడు. సరిగ్గా అక్కడ మాస్టారు, ఇరవై రెండేళ్ల అనుభవమున్న పరుపులవాడు మాత్రమే చేయగల తప్పు చేశారు. కష్టపడి పడుకుంటున్న మనిషికి సుఖమైన పడక వెతికిపెట్టారు.

దుకాణం మూలన మెట్ల మంచం ఒకటుంది. బటన్ నొక్కితే తలవైపు భాగం మెట్టు మెట్టుగా లేస్తుంది. అలా ఎనిమిది మెట్లు. ఎనిమిదో మెట్టంటే దాదాపు కూర్చోవడమే. సంచుల స్ప్రింగుల పరుపు గనక మేనత్త దానిమీద ఎలా వంచితే అలా వంగుతుంది. బావ దానిమీద వాలి, రెండో మెట్టు నొక్కి, కళ్లు మూసుకున్నాడు. పది నిమిషాలూ అయ్యేసరికి చిన్నగా గురక. అక్క కొంగుతో కళ్లు తుడుచుకుని, "నా తమ్ముడు బంగారం" అంది. మాస్టారు కార్డు మీద రెండో మెట్టు అని రాసుకున్నారు. సమస్య తీరిపోయిందని ఆ సాయంత్రం దాదాపు నమ్మారు కూడా. మన పనితనం మీద మనకున్న నమ్మకం అలాంటిది; ఇల్లు కాలుతుంటే కిటికీ తెరలు ఎంత బాగా కుట్టామో చూసుకుంటాం.

ఏడో రోజున ఫోన్ చేశారు.

"హాయిగా పడుకుంటున్నారురా" అంది అక్క. "రెండు కాదు, మూడో మెట్టు పెట్టుకుంటున్నారు. ఇంకా బాగుందట."

ముప్పయ్యో రోజున, "అయిదురా. పొద్దున లేచాక కూడా దాంట్లోనే కూర్చుని పేపరు చదువుతున్నారు. రాజుగారిలా ఉంది వైభోగం."

"నడుస్తున్నాడా అక్కా?"

"నడవడానికి ఎక్కడికెళ్లాలి? అన్నీ అక్కడికే తెచ్చిస్తున్నానుగా."

ఆ అయిదు అంకె రాసేటప్పుడు మాస్టారి కలం ఒకసారి ఆగింది. కార్డుని సొరుగు దగ్గరికి తీసుకెళ్లి, సొరుగు తెరవకుండానే తిరిగొచ్చి, మామూలు కట్టలోనే పెట్టారు. అక్కకి చెప్పాలనుకున్నారు. ఫోన్లో చెప్పే మాట కాదనుకున్నారు. ఆదివారం వెళ్లి చెప్పాలనుకున్నారు. ఆ ఆదివారం దుకాణంలో తగ్గింపు అమ్మకాలు. నూట పది మందిని పడుకోబెట్టారు. తర్వాతి ఆదివారం అక్క ఎంతో సంతోషంగా ఉండటం గుర్తొచ్చింది. వాయిదా వేసేవాడికి ఆదివారాలకు కొదవుండదు.

అరవయ్యో రోజున బావే ఫోనెత్తాడు. గొంతు వెనక సీటుదాకా రాలేదు. మొదటి రెండు సీట్ల దగ్గరే ఆగిపోయింది.

"ఏడురా బామ్మర్దీ" అన్నాడు. మధ్యలో ఊపిరి తీసుకున్నాడు. "ఇంకొక్కటే ఉంది. అదీ అయిపోతే... పై అంతస్తు కట్టిస్తారా మీ కంపెనీవాళ్లు?"

మాస్టారు ఫోన్ పెట్టేశారు. తొమ్మిది కార్డులూ బల్లమీద పరిచారు. పదోది వాటి పక్కన పెట్టి చూశారు. చేతిరాత ఒక్కటే, నీలం రంగు ఒక్కటే. పేరున్నచోట మాత్రం "బావ" అని ఉంది. మేనేజరు గదిలోకి వెళ్లి, "మెట్ల మంచం ఒకటి తనిఖీ చేసి రావాలి" అని చెప్పి వ్యాను తాళాలు తీసుకున్నారు.

అక్కావాళ్ల ఇంట్లో మంచం కిటికీ వైపు తిప్పి ఉంది. బావ అందులో నిటారుగా, డ్రైవరు సీట్లో కూర్చున్నట్టే ఉన్నాడు. పెదవులకు బూడిద రంగు పులిమినట్టుంది. కాళ్లు దుప్పటి కింద దిమ్మెల్లా ఉన్నాయి.

"మంచంలో లోపముందని కంపెనీకి అనుమానం. తనిఖీ చేయాలి" అన్నారు మాస్టారు. "పూర్తిగా చదును చేసి, వెల్లకిలా పది నిమిషాలు పడుకోవాలి. రూలు."

"ఇప్పుడా?" అన్నాడు బావ.

"ఇప్పుడే. అక్కా, నువ్వు కూడా ఇక్కడే నిలబడు. సాక్షి సంతకం కావాలి."

అలాంటి రూలు ఏ కంపెనీలోనూ లేదు. బావకది తెలుసు. ఆయన బామ్మర్ది ముఖం వైపు కాసేపు చూశాడు. జోకు వేయడానికి నోరు తెరిచి, వేయకుండా మూసుకున్నాడు. మాస్టారు బటన్ నొక్కి పట్టుకున్నారు. మంచం ఏడు మెట్లూ ఒక్కొక్కటే దిగింది. మోటారు చప్పుడు తప్ప గదిలో ఇంకేమీ వినపడలేదు.

చదును కాగానే ఇంకో చప్పుడు మొదలైంది. బావ ఛాతీలోంచి, మరిగే నీళ్ల మీద మూత కదిలినట్టు.

ఒక నిమిషం కాలేదు. ఆయన మోచేతుల మీద లేవబోయి, లేవలేక, అక్క చెయ్యి కోసం గాల్లో వెతికాడు. అక్క ఆ చెయ్యి పట్టుకుని లేపి కూర్చోబెట్టింది. మోకాళ్ల మీద చేతులు ఆనించి, కిటికీ వైపు ముఖం పెట్టి, ఒక్కో ఊపిరీ లోపలినుంచి తవ్వి తీసుకున్నట్టు తీసుకున్నాడు.

"పరుపులో లోపం లేదక్కా" అన్నారు మాస్టారు.

అక్క ఏడవలేదు. "నీకెప్పటినుంచి తెలుసురా?" అంది.

మాస్టారు బయటికి వెళ్లి వ్యాను తలుపు తీశారు. వెనక పరుపులు మోసే చోట, రెండు దిండ్ల ఆసరాతో, బావని కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. దారిలో బావ ఒక్కటే మాట అన్నాడు. "క్లచ్ అంత గట్టిగా తొక్కకు."

ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసు మనిషి. ఛాతీమీద గొట్టం ఆనించి విని, కాలి చీలమండ మీద వేలితో నొక్కి, ఆ గుంట పూడటానికి ఎంతసేపు పడుతుందో చూసింది. తర్వాత తలెత్తి అడిగింది.

"పడుకునేటప్పుడు ఎన్ని దిండ్లు వేసుకుంటారు?"

అక్కకి అర్థం కాలేదు. పరుపుల మాస్టారికి అర్థమైంది. ఇరవై రెండేళ్లుగా తను అడుగుతున్న ప్రశ్నే అది. డాక్టర్లు కూడా ఇది అడిగి రాసుకుంటారని ఆయనకు తెలియదు. జేబులోంచి నీలం కార్డు తీసి ఇచ్చారు.

డాక్టరమ్మ చదివింది. తేదీ, మెట్టు. తేదీ, మెట్టు. రెండు, మూడు, అయిదు, ఏడు. మళ్లీ మొదటినుంచి చదివింది.

"ఇంత వివరంగా ఎవరూ చెప్పరండీ. ఎవరు రాశారిది?"

"నేనే."

"రెండు నెలలుగా రాస్తున్నారే. ఎందుకు రాస్తున్నారు?"

మాస్టారికి చెప్పడానికి అబద్ధం దొరకలేదు.

"పరుపు ఎలా ఉందో తెలుసుకోవడానికి" అన్నారు.

ఆమె కార్డుని కేసు కాగితాలకు పిన్ను కొట్టింది. గుండె బలం బాగా తగ్గిందనీ, ఊపిరితిత్తుల్లో నీరు చేరిందనీ, ముందు ఆ నీరు తీయాలనీ, రెండు రోజులు గడిచాక గాని ఏ మాటా చెప్పలేననీ అక్కకి నెమ్మదిగా చెప్పింది. నెల ముందు తీసుకొచ్చి ఉంటే అనబోయి, మాస్టారి వైపు చూసి, ఆపేసింది.

బావని వార్డులో మంచం మీదికి చేర్చారు. పాత ఇనప మంచం, కాళ్ల దగ్గర తిప్పే కడ్డీ. పైన పరుపు గట్టిగా, పల్చగా, ఎవరికీ సరిపోని రకం. నర్సు వంగి కడ్డీ తిప్పడం మొదలుపెట్టింది. తలవైపు లేస్తోంది.

"చూశావురా" అన్నాడు బావ, ముక్కుకు ఆక్సిజన్ గొట్టంతోనే. "వీళ్ల దానికి బటన్ కూడా లేదు. మీ కంపెనీదే నయం."

అక్క మొగుడి కాళ్ల మీద దుప్పటి సర్దుతూ, తమ్ముడి వైపు చూడకుండా నిలబడింది. మాస్టారు కడ్డీ చుట్లు లెక్కపెడుతున్నారు. అయిదు. ఆరు. ఏడు.

నర్సు ఆగి, బావ ముఖంలోకి చూసి, ఇంకొకసారి తిప్పింది.