ఏటి వెనకాలే మెట్లు

పడవల మీద రాగి, రంగు పూసలు దిగే ఊరది. ఆ రేవులో మెట్లు కట్టే మేస్త్రికి ఆ ఉదయం గుండెల్లో రాయి పడింది.

ప్రతి వేసవికీ ఏరు కాస్త వెనక్కి జరిగేది. పడవ దిగినవాళ్ల కాళ్లకు బురద అంటకుండా ఆయన కింద ఇంకో మెట్టు కట్టేవాడు. "ఏరున్నంత కాలం మనకు పనికి లోటు లేదే!" అని పెళ్లాం దగ్గర మీసం మెలేసేవాడు కూడా.

ఈసారి పునాదికి నడుము లోతు తవ్వినా చెమ్మ తగల్లేదు. అంతా పొడి ఇసుకే. తలెత్తి చూస్తే, తాత కట్టిన మెట్టు ఎక్కడో ఆకాశంలో ఉంది. ఆయనకు అప్పుడు అర్థమైంది. ఏరు ఊరొదిలి పోతుంటే, మూడు తరాలుగా తామే దాన్ని మెట్లు వేసి మరీ సాగనంపారు.

"అలా బిగుసుకుపోయారేం మామయ్యా?" అంటూ కోడలు నెత్తిమీది ఇటుకల గంప దించబోయింది.

"దించకమ్మా!" అన్నాడు. "ఇంటికి పట్టుకుపో. ఏరు ఎక్కడాగిందో వెతుక్కుని, అక్కడ మొదటి మెట్టు కట్టాలి."